తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ

మా నాన్న పోతూ పోతూ తుపాకీని కోడలికి ఇచ్చి పోయాడు. కొడుక్కి ఇవ్వలేదు. సరే, వాడికి పెన్సిలు చెక్కడం కూడా చేతకాదు. కానీ కూతురికి, అంటే నాకూ ఇవ్వలేదు. వానలు మొదలయ్యే ముందు, మంచం మీద దిండుకి ఆనుకొని కూర్చొని, మా ముగ్గురి ఎదుటా తేల్చి చెప్పేశాడు. "ముసలాయన్ని కోడలికి అప్పజెప్పండి. ఆ పిల్లయితేనే చూసుకుంటుంది." ముసలాయనంటే తుపాకీయే. నాన్నకి వాళ్ల తాత నుంచి వచ్చిన జంట గొట్టాల తుపాకీ. వయసులో తనకంటే పెద్దది కాబట్టి ఆ మర్యాద ఇచ్చేవాడు.

అప్పుడు నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చొని గోళ్లు తీస్తున్నాను. ఇంకాస్సేపుంటే వేలు కూడా తీసేస్తానేమోనని భయం వేసి, లేచి కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లాను. అక్కడ గిన్నెలు చేసిన చప్పుడుకి నా కడుపుమంట పక్కింటివాళ్లకి కూడా తెలిసే ఉంటుంది.

మంట ఉండదా మరి? ఫ్రాకులు తొడుక్కునే వయసు నుంచీ ప్రతి ఆదివారం ఆ తుపాకీకి నూనె పెట్టింది నేను. పెళ్లయి రెండు వీధుల అవతలికి వెళ్లాక కూడా ఆదివారం మానలేదు. ముందు గదిలో నాకొక టైలరింగు షాపు ఉంది. బడి పిల్లల యూనిఫారాలు, దిండు గలీబులు, జిప్పులు మార్చడం, అన్నీ నేనే. మిషను ఎలా చూసుకుంటానో తుపాకీని కూడా అలాగే చూసుకున్నాను. నా మిషన్ నూనె డబ్బా బ్యాగులో వేసుకొని వెళ్లి, కీలుకీలునా పోసి, కారిందాకా పోసి, తుడిచి నిలబెట్టి వచ్చేదాన్ని. నాన్న పక్కన కూర్చొని పేపరు చదువుకుంటూ, "మా దొరసాని చెయ్యి పడితేనే ముసలాయన నవ్వుతాడు" అనేవాడు. నన్నాయన జీవితంలో ఒక్కసారి కూడా కసరలేదు. ఇది నేను షాపుకొచ్చే ప్రతి మనిషికీ చెప్పుకొనే మాట.

మా మరదలి సంగతి వేరు. మందుల షాపులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి. నాన్న ఆమెను పొద్దస్తమానం కసురుతూనే ఉండేవాడు. "కళ్లెక్కడ పెట్టుకున్నావు", "చేతులా అవి, చేటలా", "ఎన్నిసార్లు చెప్పాలి నీకు". వినడానికి పాపం అనిపించేది. లోలోపల హాయిగా కూడా ఉండేది. అలాంటి పిల్లకి పిలిచి మరీ ముసలాయన్ని అప్పజెప్పాడు.

నాన్న పోయాడు. వానలు పట్టుకున్నాయి. స్కూళ్లు తెరిచే రోజులు కాబట్టి షాపులో ఊపిరాడని పని. ఒక సాయంత్రం తమ్ముడు తడిసిన గొడుగు నా బట్టల మీద దులుపుతూ వచ్చాడు. వాడి చేతిలో ఒక కాగితం ఉంది.

"అక్కా, ఇక్కడొక సంతకం పెట్టెయ్యి. తుపాకీ లైసెన్సు మీ మరదలి పేరుకి మారడానికి నీకేం అభ్యంతరం లేదని."

"నాకు అభ్యంతరం లేదని నీకెవరు చెప్పారు?"

వాడు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "నువ్వేం చేసుకుంటావే తుపాకీతో? బావని బెదిరించడానికా? ఆయన నీ కత్తెరకే భయపడి చస్తున్నాడు."

"మీ ఆవిడేం చేసుకుంటుంది?"

"నాన్న చెప్పాడు కదా."

"నాన్న అప్పుడు జ్వరంలో ఉన్నాడు."

"జ్వరమేంటి అక్కా, ఆయన ఆ రోజు నీతో పేకాట ఆడి గెలిచాడు."

నేను మిషను తొక్కాను. వాడు స్టూలు దగ్గరికి జరుపుకొని గొంతు తగ్గించాడు. వానాకాలం అయ్యేలోపు ఎవరో ఒకరి పేరుకి మారకపోతే తుపాకీని లైసెన్సు ఆఫీసులో అప్పగించెయ్యాలట. అక్కడివాళ్లు గొట్టాలు కోసి ముక్కలు చేస్తారట. అర్జీలో తుపాకీ వివరాలు కూడా నింపాలి. ఎవరు చేసింది, నంబరెంత, సైజెంత. పాత లైసెన్సులో అక్షరాలు చెమ్మకి అలికేసినట్టు అయిపోయాయి.

"వివరాలు నేను చూసి చెబుతాను. ముసలాయన గురించి నాకంటే తెలిసినవాళ్లు మీ ఇంట్లో ఎవరున్నారు? సంతకం సంగతి తరవాత."

ఆ ఆదివారం నూనె డబ్బా పట్టుకొని వెళ్లాను. నాన్న గదిలో చెక్క బీరువా తెరవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. తుపాకీ తలకిందులుగా ఉంది. గొట్టాల మూతులు కిందికి, భుజానికి ఆనించే మడమ పైకి. కింద ఒక మడత పెట్టిన గుడ్డ.

"ముసలాయన చేత శీర్షాసనం వేయించావేమిటమ్మాయ్?"

మరదలు తలుపు దగ్గరే నిలబడి పమిట కొంగుతో వేళ్లు తుడుచుకుంటోంది. "అలా ఉంటే మంచిదని, వదినా."

"ఎవరన్నారు?"

వంగి కింద గుడ్డ మడత సర్దింది. నేనే తీసి భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పెట్టాను. పైనున్న మీట పక్కకి నొక్కి, తుపాకీని మధ్యలోకి విరిచి, రెండు గొట్టాల్లోనూ తూటా లేదని వేలు పెట్టి చూశాను. అది నాన్న నేర్పిన మొదటి పాఠం. ఖాళీ అని తెలిసినా చూడాలి, ఎవరు చెప్పినా నమ్మకూడదు. ముందరి చెక్క ఊడదీసి, గొట్టాలు విడిగా తీసి బోర్లించాను. తమ్ముడు పెన్ను పట్టుకొని కూర్చున్నాడు. ఎంత దర్జాగా చెప్పాననుకున్నారు! గొట్టాల అడుగున చదునుగా ఉన్న చోట నంబరు ఉంది. అదే నంబరు కీలు ఉన్న ఇనప భాగం మీద ఉంది. ముందరి చెక్కకున్న ఇనప పట్టీ మీదా ఉంది. మూడూ ఒకటే కాబట్టి మూడూ పుట్టుకతో కలిసున్నవే, మధ్యలో ఎవరూ అతికించినవి కావు. గొట్టాల మధ్య పట్టీ మీద చేసినవాళ్ల పేరు సగం అరిగిపోయింది. మిగతా సగం అద్దం పెట్టి చదివి రాయించాను. నంబరు పక్కనున్న చిన్న చిన్న ముద్రలు, అమ్మే ముందు పేల్చి పరీక్ష చేసిన గుర్తులని కూడా చెప్పాను.

"గొట్టాల మీద ఆ నీటి అలల్లా ఉన్నదేమిటక్కా? ఎవరైనా గీశారా?" అన్నాడు తమ్ముడు.

"రంగు," అన్నాను.

"రంగు కాదు," అంది మరదలు.

తను మాట్లాడిందని తనే ఉలిక్కిపడింది. నేను తలెత్తి చూసేసరికి నేల చూపులు చూస్తూ మిగతాది కూడా చెప్పింది. ఇనుమూ ఉక్కూ పట్టీలు కలిపి మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కొట్టి కొట్టి అతికించి ఆ గొట్టాలు చేశారట. ఆ మెలికలే పైకి అలల్లా కనిపిస్తాయట. ఇప్పటి తూటాల జోరుకి అవి ఆగవు, ఎక్కడో అతుకు దగ్గర చీలిపోతాయి. అందుకే దీన్ని పేల్చకూడదట, చూసుకోవడమే.

"ఎవరు చెప్పారు నీకు?"

"మావయ్యగారు."

నాకు చెప్పలేదు. ఇన్ని ఆదివారాల్లో ఆ గొట్టాల పొడుగునా గుడ్డ నడిపించిన నాకు, ఆ అలలేమిటో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అడగలేదు కూడా. ఆయన పేపరు చదువుకునేవాడు, నేను వీధి కబుర్లు చెప్పేదాన్ని. మరి ఈ నంగనాచికి ఎప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు? ఒళ్లు భగ్గుమంది.

"నాకు తెలుసులే," అన్నాను. "నిన్ను పరీక్షించడానికి అన్నాను."

తమ్ముడు దగ్గొచ్చినట్టు నటించాడు. నేను ఆ కోపంతోనే డబ్బా వంచి కీలులో, తూటాని కొట్టే గుర్రాల కింద, ట్రిగ్గర్ల సందుల్లో నూనె ధారగా పోశాను. తుడిచి, బిగించి, మడమ కిందికి పెట్టి బీరువాలో నిటారుగా నిలబెట్టాను. మరదలి చూపు నా మొహం మీద లేదు. నూనె మీద ఉంది.

మర్నాడు కళ్లజోడు అక్కడే మరిచిపోయానని గుర్తొచ్చి మధ్యాహ్నం వెళ్లాను. వీధి తలుపు తీసే ఉంది. భోజనాల బల్ల మీద తుపాకీ ముక్కలుగా ఉంది. మరదలి ముందు నూనెతో తడిసిన గుడ్డ పేలికలు కుప్పగా ఉన్నాయి. పుల్లకి దూది చుట్టి, సందుల్లోంచి నా నూనెని బయటికి లాగుతోంది. షాపుకి సెలవు పెట్టి మరీ.

"ఏం చేస్తున్నావ్?"

చేతిలోని పుల్లని గుడ్డల కింద దాచబోయింది. లోపలి గదిలోంచి తమ్ముడు వచ్చి ఇద్దరినీ చూశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇంకెందుకే దాపరికం, చెప్పెయ్యి," అన్నాడు పెళ్లాంతో. ఆమె చెప్పకపోతే తనే చెప్పాడు. "అక్కా, ఇది ఎప్పటినుంచో ఉన్నదే. నువ్వు ఆదివారం నూనె పోసి వెళ్తావు. సోమవారం నాన్న గుడ్డలు ముందేసుకొని కూర్చొనేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక దీనికి నేర్పాడు."

"వదినా," అంది మరదలు, "కోపం తెచ్చుకోకండి. మావయ్యగారు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

"ఏం చెప్పొద్దన్నాడు?"

ఆమె మడమ చెక్కని తిప్పి, ఇనుము దిగే చోటుని చూపించింది. చెక్క మిగతా అంతా తేనె రంగులో ఉంది. అక్కడ మాత్రం నల్లగా ఉంది. గోటితో నొక్కితే మెత్తగా దిగింది. నిటారుగా నిలబెడితే నూనె మెల్లగా కిందికి దిగి చెక్క తాగేస్తుందట. తాగి తాగి కుళ్లుతుందట. అందుకే చుక్క నూనె చాలు, అందుకే తలకిందులుగా పెట్టడం.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ మనసు నొచ్చుకుంటుందని," అంది.

నేను కళ్లజోడు కూడా తీసుకోకుండా ఇంటికొచ్చేశాను. ఆ వారం రెండు నిక్కర్లకి జేబులు లోపలి వైపు కుట్టకుండా బయటికి కుట్టాను. మా ఆయన పలకరిస్తే కసిరాను. నాకు చెక్క పాడైందన్న బాధ లేదని కాదు. కానీ దానికంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఆయన నన్ను ముద్దు చేశాడు, ఆమెకి పని నేర్పాడు. కసిరి, అరిచి, మళ్లీ చేయించి, కన్నీళ్లు పెట్టించి నేర్పాడు. నన్ను మాత్రం పసిపిల్లని నవ్వించినట్టు నవ్వించి పంపించేశాడు. నా మీద ఒక్క తిట్టు ఖర్చు పెట్టడానికి కూడా ఆయనకి మనసొప్పలేదు. ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకొన్న మాటే ఇప్పుడు నోట్లో చేదుగా ఉంది. పరాయి ఇంటి నుంచి వచ్చిన పిల్ల తిన్న తిట్లు చూసి నాకు ఈర్ష్య పుట్టిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

సంతకం పెట్టలేదు. తమ్ముడు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. మూడోసారి వచ్చినప్పుడు, "మీ ఆవిడకి తెలిసింది ఎంతో, నాన్నకి తెలిసింది ఎంతో, తుపాకులు బాగుచేసేవాడి దగ్గర తేలుద్దాం. నేనూ వస్తాను," అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మేస్త్రీ చెక్కని చూసి, ఇది నూనె వల్ల కాదమ్మా, వయసు వల్ల అంటాడని నా ఆశ.

మేస్త్రీ షాపు ఇనప సామాన్ల బజారు చివర, మెట్లు దిగి వెళ్లాల్సిన గది. మనిషి లావుగా, గలగల మాట్లాడుతూ, చెప్పిందే చెబుతూ ఉన్నాడు. మరదలు సంచిలోంచి తుపాకీ తీసివ్వగానే ముందు వాళ్ల మావగారికున్న తుపాకీ కథంతా చెప్పాడు. ఆ తరవాతే చూడ్డం మొదలుపెట్టాడు. గొట్టాల్ని కొక్కేనికి వేలాడదీసి వేలి గోటితో కొట్టాడు. గంట మోగినట్టు మోగి, చాలాసేపు ఆగలేదు. గొట్టాలు ఎక్కడా అతుకు వదల్లేదు అన్నాడు. లోపల అద్దంలా ఉంచారు, ఎవరో గాని పుణ్యాత్ములు అన్నాడు. నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను. పేల్చొద్దు, కానీ అమ్మొద్దు కూడా అన్నాడు.

తరవాత చెక్క తిప్పి చూశాడు. మొహం మారిపోయింది.

"ఇదెవరు చేశారు?" అన్నాడు. తుపాకీ తీసిచ్చింది మరదలు కాబట్టి ఆమెనే చూస్తూ అందుకున్నాడు. "ఏమ్మా, ఇది తుపాకీ అనుకున్నావా, పచ్చడి జాడీ అనుకున్నావా? ఇంత నూనె ఎవడు పొయ్యమన్నాడు నిన్ను? బంగారంలాంటి చెక్క. అడవికెళ్లి వెతికినా ఇప్పుడు దొరకదు. ఇదిగో, ఇక్కడ పగులు మొదలైంది, కనబడుతోందా? కళ్లు తెరిచి చూడు. తెలీనప్పుడు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే తెలుసుకోవాలి."

మరదలు తల వంచుకొని విన్నది. నావైపు కనీసం కనురెప్ప కూడా ఎత్తలేదు. "పొరపాటైంది. ఎలా బాగుచేసుకోవాలో చెప్పండి," అంది మెల్లగా.

ఆ తిట్లన్నీ నావి. అక్షరం అక్షరం నాకు రావలసినవి. నాన్న నాకు ఎగ్గొట్టిన మాటలన్నీ ఆ లావుపాటి మనిషి నోట్లోంచి వస్తుంటే, అవి కూడా ఆమే పట్టుకుపోతోంది. అలవాటైన మనిషి చేతులు చాచి తీసుకున్నంత తేలిగ్గా తీసుకుంటోంది. నాకు జాలి వేయాలి, సిగ్గు వేయాలి. రెండూ వేశాయి. వాటికి ముందు మాత్రం కడుపు మండింది.

"ఆమెని అంటారేంటండీ," అన్నాడు తమ్ముడు. "పోసింది మా అక్క. ఇదిగో, ఈవిడే."

నేను ఊపిరి బిగబట్టి సిద్ధంగా కూర్చున్నాను. మేస్త్రీ నావైపు తిరిగాడు. నా నెరిసిన జుట్టు చూశాడు, మెళ్లో వేలాడుతున్న టేపు చూశాడు. మొహం చల్లబడిపోయింది.

"అమ్మగారా? అయ్యో, పోన్లెండి. నాన్నగారి వస్తువని ప్రేమతో చేశారు, పాపం. పెద్దవాళ్లు, మీకేం తెలుస్తుంది? టీ తాగుతారా?"

నన్ను తిట్టకుండా వదిలేసిన మగవాళ్లలో అతను రెండోవాడు. టీ తాగనని చెప్పాను.

బాగుచేసే పద్ధతి మరదలికే చెప్పాడు. సుద్దపొడి ముద్దగా కలిపి, నల్లబడిన చోట దట్టంగా పట్టించి, వెచ్చగా ఉన్న చోట ఆరబెట్టాలి. చెక్కలో నూనె పొడిలోకి ఎక్కి పసుపుపచ్చగా అవుతుంది. రాల్చి మళ్లీ పట్టించాలి. తెల్లగా రాలిందాకా అంతే. తొందరపడితే పగులు పెరుగుతుంది. పూర్తయ్యాక తెస్తే జిగురు ఎక్కిస్తానన్నాడు.

తిరుగుదారిలో వాన తగ్గి తుంపర పడుతోంది. తమ్ముడు ముందు నడుస్తున్నాడు. నేను మరదలి గొడుగు కిందికి వెళ్లాను.

"నేను పోశానని చెప్పొచ్చు కదా?"

"మీరు అక్కడే ఉన్నారు కదా వదినా."

"మా నాన్న నిన్ను అన్ని మాటలంటుంటే ఎలా పడ్డావమ్మా? నేనైతే పుట్టింటికి పోయేదాన్ని."

ఆమె గొడుగు నావైపు వంచింది. "మొదట్లో ఏడ్చేదాన్ని. అత్తగారు లేరు, పలకరించేవాళ్లు లేరు. మీరు వస్తే ఆయన మొహం వెలిగిపోయేది. దొరసాని, దొరసాని అని. నన్నెప్పుడూ ఒక ముద్దు పేరు పెట్టి పిలవలేదు. బల్ల ముందు కూర్చుంటే తిట్టడానికైనా నాతో మాట్లాడతారు కదా అని రోజూ వెళ్లి కూర్చొనేదాన్ని." చివర్లో గొంతు కొంచెం గట్టిపడింది. "ఆదివారం వచ్చిందంటే నాకు ఒళ్లు మంటగా ఉండేది వదినా. కోపం తెచ్చుకోకండి."

కోపం రాలేదు. ఆశ్చర్యంగా, కొంచెం ఊరటగా అనిపించింది. ఈ నంగనాచి కూడా నన్ను చూసి మండిందన్నమాట.

ఇంటికెళ్లాక కాగితం తెమ్మని సంతకం పెట్టాను. మనసు కడిగిన పలకలా అయిందని మాత్రం అనుకోకండి. సంతకం పెడుతూ కూడా, మరదలి పేరు రాసున్న గడి చూసి ఉక్రోషం వచ్చింది.

ఆ ఆదివారం సుద్ద ముద్ద కలిపి మేమిద్దరం బల్ల ముందు కూర్చున్నాం. తమ్ముడు పక్కన టీ తాగుతున్నాడు. మొదటి పూత ఆరింది. పసుపుపచ్చగా మారిన పొడిని గుడ్డతో రాల్చడం మొదలుపెట్టాను. నాకు పని చేతిలో ఉంటే జోరు వస్తుంది. పగులు అంచునున్న పొడి రాకపోతే గట్టిగా రుద్దాను.

"ఆపండి," అంది మరదలు.

ఆపలేదు. ఇంకొక్కసారి రుద్దాను.

ఆమె నా మణికట్టు పట్టుకొని పక్కకి లాగేసింది. "ఆపమంటే వినపడదా మీకు? చెక్క చచ్చేదాకా ఇలాగే చేస్తారా? ఇన్నేళ్లు నాశనం చేసింది చాలదా? మీ చెయ్యి కాదు, బండరాయి."

తమ్ముడి కప్పు సగంలో ఆగిపోయింది. మరదలి మొహం తెల్లబోయింది. తనన్న మాట తనకే వినపడి, పట్టుకున్న నా చెయ్యి వదిలేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ ఇంట్లో నేను పుట్టి పెరిగాను. ఆ బల్ల ముందు నన్ను అలా అన్న మనిషి లేడు. చెంపలు వేడెక్కాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత పదునైనదాన్ని ఈ పిల్ల రోజూ తిని, పచ్చిగా మింగి, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చొనేదా అనిపించింది.

గుడ్డ ఆమె చేతిలో పెట్టాను.

"సరే, మరెలా రుద్దాలో చూపించు," అన్నాను. "నేను మళ్లీ తప్పు చేస్తే మళ్లీ తిట్టు."